కుటుంబంతో ఆడుకునే బిజినెస్ ఆట: ఏ పెట్టె కొనాలి?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే పుస్తకాల దుకాణాల్లోను, ఫ్యాన్సీ షాపుల్లోను బిజినెస్ ఆట పెట్టెలు ముందు వరుసలోకి వస్తాయి. ఊళ్లు కొని, వాటి మీద ఇళ్లు కట్టి, వచ్చిపోయేవాళ్ల దగ్గర అద్దె వసూలు చేసే ఈ ఆట మన ఇళ్లలో చాలాకాలంగా ఉన్నదే. దుకాణంలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి విదేశీ వీధుల పేర్లతో వచ్చే మోనోపలీ, రెండోది బొంబాయి, ఢిల్లీ, హైదరాబాద్, ఊటీ, డార్జిలింగ్ వంటి పేర్లతో మనదేశంలో అనేక సంస్థలు తయారుచేస్తున్న బిజినెస్. ఇంటిల్లిపాదీ కలిసి ఆడటానికైతే నా ఓటు రెండోదానికే. అయితే ఆ రకంలో ఏ పెట్టె దొరికితే అది తెచ్చుకోవచ్చని మాత్రం అనను, ఎందుకంటే పేర్లు ఎంత మనవైనా నిబంధనలు సరిగా లేని పెట్టె నాలుగు రోజులు తిరగకుండానే అటకెక్కుతుంది.

పేర్లు మనవైతే ఏం లాభమని అడిగేవాళ్లున్నారు. నిజానికి ఈ ఆట పుట్టుకలోనే ఊరి పేర్ల ప్రమేయం ఉంది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగిలినవాళ్లు అద్దెలు కట్టలేక ఎలా చితికిపోతారో చూపించడానికి ఎలిజబెత్ మేగీ అనే అమెరికన్ మహిళ ఒక ఆటను రూపొందించి 1904లో పేటెంటు పొందింది. ఆ ఆట చేతులు మారుతూ వెళ్లి అట్లాంటిక్ సిటీ అనే ఊరి వీధుల పేర్లు తొడుక్కుంది, ఆ రూపాన్నే 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ మోనోపలీగా అమ్మకానికి పెట్టింది. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండులో వీధుల పేర్లన్నీ లండన్‌వి అయిపోయాయి. అంటే ఆడేవాళ్లకు తెలిసిన ఊళ్లు ఉండటమే ఈ ఆటకు మొదటినుంచీ ప్రాణం. మన పెట్టెలో హైదరాబాద్ గడి వచ్చినప్పుడు తాతయ్య అక్కడ ఉద్యోగం చేసిన రోజుల గురించి చెప్పటం మొదలుపెడతారు, ఊటీ గడి మీద పడగానే పిల్లలు అక్కడికి ఎప్పుడు వెళ్దామని అడుగుతారు. మోనోపలీలో పెన్సిల్వేనియా అవెన్యూ అనే వీధి దగ్గర ఆగిన మనవడితో అమ్మమ్మ మాట్లాడటానికి ఏముంటుంది? విదేశాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో పెద్దవాళ్లు నాలుగు నెలలు ఉండటానికి వెళ్లినప్పుడు ఇలాంటి పెట్టె ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లమని తప్పకుండా చెబుతాను.

ఇక కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మ చూడకండి, వీలైతే లోపలి నిబంధనల కాగితం తీయించి చదవండి. మొదట చూడవలసింది ఛాన్స్, కమ్యూనిటీ చెస్ట్ గడుల ఏర్పాటు, అంటే ఆగినవాళ్లకు లాభమో నష్టమో అదృష్టాన్ని బట్టి వచ్చే గడులు. మోనోపలీలో వీటికి 16 చొప్పున కార్డులుంటాయి, పైకార్డు తీసి, చెప్పింది చేసి, అడుగున పెట్టేయాలి. అందువల్ల కట్ట మొత్తం తిరిగేదాకా ఒకే కార్డు మళ్లీ రాదు. మనవాళ్ల పెట్టెల్లో కొన్నిటికి కార్డులు ఉండవు. పాచికల మొత్తం 2 నుంచి 12 వరకు ఎంత పడితే ఏం జరుగుతుందో అట్ట మధ్యలో పట్టికగా అచ్చువేస్తారు. రెండు పాచికలు వేస్తే 36 విధాలుగా పడవచ్చు. అందులో 7 రావటానికి 6 దారులున్నాయి, 2కి ఒకటే, 12కీ ఒకటే. కాబట్టి పట్టికలో 7 ఎదురుగా లాటరీ తగిలిందని రాసి ఉంటే ఇంట్లో అందరికీ మాటిమాటికీ లాటరీలు తగులుతూనే ఉంటాయి, 12 ఎదురుగా ఉన్న చక్కని మలుపు సాయంత్రమంతా ఆడినా కంటపడకపోవచ్చు. పిల్లలు ఈ సంగతి చాలా త్వరగా పసిగడతారు, ఆ తరువాత ఆ గడి అంటే వాళ్లకు ఉత్కంఠ ఉండదు. పాడవని గట్టి కార్డులున్న పెట్టెకు కొంచెం ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

రెండోది వేలం. ఒకరు తాము ఆగిన గడిలోని ఊరిని కొనను అన్నప్పుడు ఏం చేయాలన్నది చాలా పెట్టెల్లో రాయనే రాయరు, రాసినచోట ఆట తరువాతివాళ్లకు పోతుందని రాస్తారు. మోనోపలీ అసలు నిబంధన ప్రకారం బ్యాంకు ఆ ఊరిని వెంటనే వేలం వేయాలి, వద్దన్నవాళ్లు కూడా పాట పాడవచ్చు. ఈ ఒక్క నిబంధన ఆటను సగానికి సగం మార్చేస్తుంది. ఊళ్లన్నీ త్వరగా అమ్ముడుపోతాయి, అద్దెలు త్వరగా మొదలవుతాయి, చేతిలో డబ్బు తక్కువున్న పిల్ల కూడా పెద్దవాళ్లను ఎగదోసి వాళ్ల జేబు ఖాళీ చేయించగలదు. కాగితంలో ఉన్నా లేకపోయినా ఇంట్లో ఈ పద్ధతి పెట్టుకోండి. దీనికి తోడు, పన్నులు, జరిమానాల డబ్బంతా మధ్యలో పోగేసి ఏదో ఒక గడి మీద పడినవాళ్లకు ఇచ్చేసే అలవాటు మానండి. అది ఎవరో కల్పించుకున్నది. దానివల్ల దివాలా తీయవలసినవాళ్లు తేరుకుంటూ ఉంటారు, ఆట అన్నాల వేళ దాటినా తెగదు.

వస్తువుల నాణ్యత గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. నోట్లు పల్చటి కాగితం మీద ఉంటాయి, చెమట చేతులకు అతుక్కుంటాయి. చిన్న విలువల నోట్లు ఎక్కువగా ఉన్నాయో లేదో మాత్రం లెక్కపెట్టుకోండి, ఎందుకంటే చిల్లర దొరకని బ్యాంకు చేత ఆడేవాళ్లకు విసుగొస్తుంది. అట్ట మడత దగ్గర వెనుకవైపు గుడ్డపట్టీ వేసి ఉంటే చాలాకాలం నిలుస్తుంది, కాగితం మాత్రమే అంటించి ఉంటే మడత దగ్గర చీలి రెండు ముక్కలవుతుంది. మేము ఇంటర్నెట్‌లో తెప్పించుకున్న ఒక పెట్టెలో పాచికల అంచులు సమంగా లేవు, అది ఆరు వైపే పడుతోందని మా చిన్నవాడు గోల చేశాడు, నిజమే అనిపించి పక్కన పెట్టేసి వైకుంఠపాళి పాచికలతో ఆడాము.

ఇంతకన్నా స్థానికంగా కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది, సాదా పెట్టె కొని గడుల మీద మీ ఊరి పేర్లు అంటించుకోమని. మేము విజయవాడను అంటించాము. గవర్నర్‌పేట, లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట, భవానీపురం, కృష్ణలంక వరుసగా వచ్చాయి. రైల్వే గడులకు విజయవాడ, గుణదల, మధురానగర్, రాయనపాడు స్టేషన్లు సరిపోయాయి, నీటి సంస్థకు ప్రకాశం బ్యారేజీ, కరెంటు సంస్థకు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పెట్టాము. అన్నిటికంటే ఖరీదైన గడి ఏదన్న దగ్గర పెద్ద చర్చ జరిగింది. పిల్లలు బెంజ్ సర్కిల్ అన్నారు. "బీసెంట్ రోడ్డులో జానెడు కొట్టుకు అద్దె ఎంతో మీకు తెలుసా? వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో అయితే కొట్టు దొరకటమే కష్టం!" అని మా అత్తయ్య పట్టుబట్టింది. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. ధరలు నిర్ణయించటానికి పట్టిన ఆ సమయం కూడా ఆటలో భాగమే, ఏ అచ్చు పెట్టెలోనూ అది దొరకదు.

పేర్లు అంటించేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఆటలో అందరూ తరచు చేరే చోటు జైలు. మోనోపలీ అట్టలో జైలు నుంచి 6, 8, 9 గడుల దూరంలో నారింజ రంగు వీధులున్నాయి, ఈ మూడు సంఖ్యలూ కలిపి 36లో 14 సార్లు పడే అవకాశముంది. అందుకే ఖరీదు మధ్యరకంగా ఉన్నా అవి బాగా సంపాదిస్తాయి. మీ అట్టలో జైలు తరువాత ఆ దూరంలో ఉన్న గడులకు ధర మరీ తక్కువ పెడితే, వాటిని ముందుగా కొన్నవాళ్లదే ఆట అవుతుంది.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లను ఎవరో ఒక పెద్దవాళ్ల జట్టులో కలపండి, లేదా బ్యాంకు వాళ్లకు అప్పగించండి, కూడికలు, తీసివేతలు వాటంతటవే వస్తాయి. ఒక్కరు తప్ప అందరూ దివాలా తీసేదాకా ఆడాలన్న పట్టుదల వద్దు. మొదట ఓడినవాళ్లు గంటల తరబడి ఊరికే కూర్చోవటమే ఈ ఆటకున్న పెద్ద లోపం. గంటన్నర పెట్టుకుని గడియారం చూసి ఆపేయండి. చేతిలోని నగదు, ఊళ్ల మీద అచ్చువేసిన ధర, ఇళ్లకు పెట్టిన ఖర్చు కలపండి, తాకట్టులో ఉన్న ఊరికి సగం ధరే లెక్కించండి. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లు గెలిచినట్లు.