కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి: ఇంజెక్షనా, మాత్రలా?

బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలు ఆ బిగింపుతోనే మూసుకుంటాయి. సంచి వదులుగా ఉండిపోతే అంతవరకు ఆరోగ్యంగా ఉన్న తల్లి కూడా గంటల్లో ప్రాణం కోల్పోవచ్చు. అందుకే రక్తస్రావం ఎక్కువయ్యేదాకా ఆగకుండా ప్రతి బాలింతకూ సంచి ముడుచుకునే మందు ముందే ఇస్తారు. ఏ మందు ఇవ్వాలన్నది ఆ ఊరి కరెంటును బట్టి కూడా ఉంటుంది.

ఫ్రిజ్ నమ్మకంగా పనిచేసే చోట నా ఓటు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్నే ముందు చెబుతుంది. కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకుని, 10 యూనిట్లు కండకు ఇస్తే కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది. ఖరీదు తక్కువ, ఇబ్బందులూ తక్కువే. అయితే దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడికి శక్తి తగ్గిన మందు చూడటానికి మామూలుగానే కనిపిస్తుంది. సూది వేసిన నర్సుకు కూడా తేడా తెలియదు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు. కర్ణాటకలోని బెళగావి జిల్లాలో ఏఎన్ఎమ్‌లు (పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు) పల్లె కాన్పుల్లో 600 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఇచ్చి చూశారు. 2006లో వెలువడిన ఆ అధ్యయనంలో అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. మందు తీసుకున్నవారిలో కొందరికి వణుకు, జ్వరం వస్తాయి. ఆ సంగతి తల్లికీ ఇంటివారికీ ముందే చెప్పాలి. మంచి ఆక్సిటోసిన్‌తో పోలిస్తే ఇది ఒక మెట్టు కిందే. కానీ సరైన ఇంజెక్షన్ అందని కొండ పల్లెలో దీన్ని మించినది లేదు. బిడ్డ పుట్టకముందు మాత్రం దీన్ని ఇవ్వకూడదు, గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది.

వేడిని తట్టుకునే కార్బెటోసిన్ ఇంజెక్షన్ మూడో దారి. పది దేశాల్లో దాదాపు 30 వేల మందిపై జరిపిన పరీక్షలో ఇది ఆక్సిటోసిన్‌కు దీటుగా నిలిచిందని 2018లో తేలింది. సరసమైన ధరకు దొరికితే ఫ్రిజ్ లేని ఉపకేంద్రాలకు ఇదే సరైనది. ఎర్గోమెట్రిన్ అనే మరో మందును బీపీ ఎక్కువగా ఉన్నవారికి ఇవ్వకూడదు కాబట్టి దాన్ని మొదటి ఎంపికగా పెట్టుకోను.

చేతులతో చేసే పనులు ఎవరు చేస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. బొడ్డుతాడును పట్టి మాయను నెమ్మదిగా రాబట్టడం శిక్షణ ఉన్నవారే చేయాలి. మిగతావారు లాగితే గర్భసంచి తిరగబడవచ్చు. ఆక్సిటోసిన్ ఇచ్చాక ఊరికే పొట్ట రుద్దుతూ ఉండాల్సిన అవసరం లేదు. సంచి గట్టిగా ఉందో లేదో తడిమి చూస్తూ ఉంటే చాలు.

పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తరచూ తక్కువగానే తోస్తుంది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికా ఆసుపత్రుల్లో కొలతల గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి, రక్తస్రావం హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఏ మందు ఎంచుకున్నా ఆ కొలత సంచి కూడా పక్కన ఉండాలి.