కాశీనాథుని వారి మద్రాసు: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

మైలాపూర్‌లో దిగండి. తెలుగు రాష్ట్రాల నుంచి రైల్లో వచ్చేవాళ్లు అలవాటుకొద్దీ సెంట్రల్ దగ్గర పెరియమేట్‌లోనో, వాల్‌టాక్స్ రోడ్డులోనో గది తీసుకుంటారు. పొద్దున దిగి రాత్రి బండెక్కేవాళ్లకు అది చాలు. వాళ్లకైనా స్టేషన్లోని రిటైరింగ్ రూమే మేలు. టికెట్ కన్ఫర్మ్ అయ్యాక పీఎన్నార్‌తో ముందే బుక్ చేసుకోవచ్చు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి జాడలు చూద్దామని వచ్చేవాళ్లకు మాత్రం సెంట్రల్ దూరమవుతుంది. మైలాపూర్‌లో ఆయన పేరున్న పార్కును తెల్లవారగానే చూడాలి. ఎండెక్కాక వెళ్తే ఏమీ ఉండదు.

గది తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె కాదు, చెకౌట్. చెన్నైలో కొన్ని లాడ్జీలు దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కేస్తాయి, కొన్ని మధ్యాహ్నం 12 కొట్టగానే ఖాళీ చేయమంటాయి. తెల్లవారుజామున 5 గంటలకు దిగేవాళ్లు రెండోరకం దాంట్లో చేరితే ఏడు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి వారం దాకా సంగీత సభల సీజన్. మైలాపూర్‌లో గది దొరకడం కష్టం. మార్చి, ఏప్రిల్‌లో కపాలీశ్వరుడి పంగుని ఉత్సవాలప్పుడు మాడవీధుల్లోకి ఆటో రాదు, పెట్టెలు మోసుకోవాల్సిందే.

సెంట్రల్ నుంచి మైలాపూర్‌కు ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలు అన్నిటికంటే చవక. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: ఎదుట పార్క్ అని ఒక స్టేషను, పార్క్ టౌన్ అని ఇంకొకటి ఉన్నాయి. పార్క్‌లో ఎక్కితే తాంబరం దారి పడతారు. మీకు కావలసింది పార్క్ టౌన్, వేళచ్చేరి వైపు బండి. దిగేచోట 'మైలాపూర్' బోర్డు కోసం చూస్తూ కూర్చోవద్దు, స్టేషను పేరు తిరుమయిలై. పట్టాలు ఎత్తు మీద ఉంటాయి. ఎస్కలేటర్ నడుస్తుందన్న ధీమా పెట్టుకోవద్దు. పెద్దవాళ్లు, బరువులు ఉంటే ఆటోయే నయం. లజ్ కూడలి దగ్గర మెట్రో తవ్వకాల వల్ల దారులు మళ్లించారు, కాబట్టి ఆటోవాడు చుట్టు తిప్పితే ప్రతిసారీ మోసం అనుకోనక్కర్లేదు.

నాగేశ్వరరావు పార్కు లజ్ చర్చి రోడ్డు మీద ఉంది. నాలుగెకరాల చోటు, చుట్టూ నడకబాట, పెద్ద చెట్లు, ఒక మూల చదరంగం ఆడేవాళ్లు. నెలలో మొదటి ఆదివారం ఉదయం 7 గంటలకు పిల్లలు మైకు లేకుండా కచేరీ చేస్తారు. వీలుంటే ప్రయాణం ఆ తేదీకి కుదుర్చుకోండి. కచేరీ ఇక్కడ జరగడం భలే అమరింది. పంతులు గారు అమృతాంజనాన్ని జనానికి అలవాటు చేసింది సంగీత సభల్లో ఉచితంగా పంచే కదా.

1867లో కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి, బొంబాయి చేరి 1893లో ఆ పసుపుపచ్చ మందు మొదలుపెట్టాడు. డబ్బు వచ్చింది. ఆ డబ్బును ఆయన కదిలించిన తీరే చూడాల్సింది. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924లో భారతి మాసపత్రిక, ఆపైన పుస్తకాల ప్రచురణకు ఆంధ్ర గ్రంథమాల. బాగా అమ్ముడుపోయేవే వేద్దామని ఆయన అనుకోలేదు: పాల్కురికి సోమనాథుడి బసవపురాణం లాంటివి చవక ధరకు అచ్చేశారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో పోయాక ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. అంటే తలనొప్పి మందు తెలుగు సాహిత్యానికి పోషకురాలైంది! విశ్వదాత, దేశోద్ధారక అని జనం పిలుచుకున్నారంటే ఊరికే కాదు.

రాబోయే ఆంధ్ర రాష్ట్రం గురించి రాయలసీమ, కోస్తా నాయకులు 1937 నవంబరు 16న ఒడంబడిక చేసుకున్నది మైలాపూర్‌లోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు, ఏది కావాలో సీమే తేల్చుకోవాలి అన్న మాట అక్కడ పుట్టింది. అయిదు నెలలు తిరక్కుండానే, 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. టికెట్టు కొని చూసే మ్యూజియం కాదు శ్రీబాగ్; ఫోటో కోసం వీధులు తిరిగి కాళ్లు నొప్పి చేసుకోవద్దు. అంతకంటే రాయపేట హైరోడ్డులో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి వెళ్లండి. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్షకు కూర్చుని, డిసెంబరు 15న ప్రాణం వదిలిన చోటు అది. సభలున్న రోజు హాలు కిటకిటలాడుతుంది, ముందుగా ఫోన్ చేసి వెళ్తే తీరిగ్గా చూడొచ్చు.

టిఫినుకి మైలాపూర్ అరండేల్ వీధిలో రాయర్ మెస్. చిన్న గది, నాలుగు బల్లలు, వరసలో నిలబడాలి. పొంగలి, వడ తెప్పించుకుని గట్టి పచ్చడి అడగండి. పచ్చిమిర్చితో రుబ్బిన ముద్ద, గుంటూరు నాలుకకు కూడా తెలుస్తుంది. ఆలస్యమైతే వడలు అయిపోతాయి. మధ్యాహ్నం కపాలీశ్వరుడి గుడి మూసి ఉంటుంది, 12 నుంచి 4 దాకా గదిలో పడుకోవడం ఉత్తమం.

ఆంధ్రపత్రిక కార్యాలయం నడిచిన తంబుచెట్టి వీధి జార్జిటౌన్‌లో ఉంది. నిజం చెప్పాలంటే అరగంట చాలు. పత్రిక 1991లో మూతపడింది, ఇప్పుడు వీధంతా గోదాములు, బ్యాంకులు, తోపుడుబళ్లు. పనిదినాల్లో నడవడానికే చోటుండదు, ఆదివారం పొద్దున వెళ్తే మేడల పైఅంతస్తులు నింపాదిగా చూడొచ్చు. అదే వీధిలో కాళికాంబాళ్ గుడి ఉంది. పాత సంచికలు చదవాలనుకునేవాళ్లు ఇక్కడ వెతక్కండి. ఆంధ్రపత్రిక, భారతి రెండింటినీ ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది, ఇంట్లో కూర్చుని చూసి రండి. ఉగాది ప్రత్యేక సంచికలతో మొదలుపెడితే దారి తెలుస్తుంది.

తంబుచెట్టి వీధిని తిరుగు ప్రయాణం రోజుకే ఉంచుకోండి. దగ్గర్లోని హైకోర్టు మెట్రో నుంచి సెంట్రల్ ఒక్క స్టాపే. పెట్టెలు మాత్రం ముందే సెంట్రల్ క్లోక్‌రూములో పెట్టేయండి. తాళం లేని సంచీ తీసుకోరు.