అరుణాచలం: ఒంటరిగా, పౌర్ణమి కాని రోజుల్లో

ప్రశాంతత కోసం తిరువణ్ణామలై (అరుణాచలం) వెళ్లే స్త్రీలు పౌర్ణమికి వెళ్లకపోవడమే మేలు. అప్పుడు గిరిప్రదక్షిణకు వచ్చే జనంతో లాడ్జీ అద్దెలు కొండెక్కుతాయి, ఆటోవాడు చెప్పిందే రేటు. మంగళ, బుధ, గురువారాలు చూసుకుంటే ఊరు వేరుగా ఉంటుంది. కాట్పాడిలో రైలు దిగి, వేలూరు మీదుగా బస్సులో రావచ్చు.

రమణాశ్రమంలో గదికి అద్దె అడగరు, ఇవ్వగలిగింది విరాళమే. కానీ వారాల ముందే ఈమెయిల్ రాయాలి, జవాబు వచ్చాకే టికెట్ కొనాలి. కొన్ని గదులు రోడ్డుకు అవతల ఉంటాయి. మధ్యాహ్న భోజనం పదకొండున్నరకే. గది దొరక్కపోతే ఆశ్రమం చుట్టుపక్కలే చూసుకోండి. అరుణాచలేశ్వరుడి గుడి దగ్గర లాడ్జీ దర్శనానికి సుఖం, కానీ ఆశ్రమం అక్కడికి రెండు కిలోమీటర్ల దూరం.

‘శ్రీ రమణాశ్రమ లేఖలు’ రాసిన సూరి నాగమ్మగారు 1941లో వచ్చేనాటికి ఆడవాళ్లు రాత్రిళ్లు ఆశ్రమంలో ఉండకూడదు. ఆమె బయట ఇల్లు తీసుకుని, పగలు హాల్లో కూర్చునేవారు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. రమణులు కూర్చున్న ఆ పాత హాల్లో ధ్యానానికి కూర్చుంటే మొదటి అరగంట మోకాళ్లే గుర్తొస్తాయి. గోడకు ఆనుకుని కూర్చుంటే నయం, లేచి తిరిగితే పక్కవాళ్లకి ఇబ్బంది.

వెనక గేటు నుంచి స్కందాశ్రమానికి రాళ్లు పరిచిన దారి ఉంది, అరగంట పైనే నడక. రమణులు 1916 నుంచి 1922 దాకా ఉన్న చోటిది. పొద్దున్నే ఎక్కండి, సాయంత్రానికి మూసేస్తారు. చేతిలో సంచి కనిపిస్తే కోతులు వదలవు. కాస్త కిందున్న విరూపాక్ష గుహ లోపల ఉక్కగా ఉంటుంది. ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు బయట అరుగు మీదే కూర్చోవడం మంచిది.

గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా ఆగుతూ నడిస్తే నాలుగైదు గంటలు. కొండ కుడిచేతి వైపు ఉండాలి, రోడ్డుకు ఎడమ పక్కన నడవడం ఆచారం. అడవి లోపలి దారి అటవీశాఖ మూసింది, ఎవరైనా తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే తారు కాలకముందే ముగించొచ్చు. ఆలస్యమైతే చివర ఈశాన్య లింగం గుడి దాటాక ఊరి వీధుల్లో వేడి, ట్రాఫిక్, గాజు పెంకులు మూడూ కలిసి ఏడిపిస్తాయి. పాదాలు తడిగా ఉంటే బొబ్బలు త్వరగా వస్తాయి, తుడుచుకుని బయల్దేరండి. శుభ్రమైన మరుగుదొడ్లు తక్కువ, బస దగ్గరే పని ముగించుకోండి. అలాగని నీళ్లు మానేయకూడదు, అర లీటరు సీసా చాలు. మధ్యలో నింపుకోవచ్చు.