సార్ కంపెనీ పెట్టాలా, పేటెంటు అప్పగించాలా? ఏది మేలు?

ల్యాబ్‌లో ఏదో ఒకటి గట్టిగా పనిచేయడం మొదలవగానే మన ప్రొఫెసర్లు అడిగే మొదటి ప్రశ్న, "ఫండింగ్ ఎక్కడ దొరుకుతుందండీ?" నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది: పొద్దున లేచింది మొదలు ఇదే తన పని అనుకునే మనిషి ఎవరు? రెండోది: పేటెంటు ఎవరి పేరు మీద ఉంది? ఈ రెండూ తేలితే ఏ దారి పట్టాలో చాలావరకు తేలిపోతుంది.

దారులు మూడు. ఇప్పటికే నడుస్తున్న కంపెనీకి పేటెంటును లైసెన్సు మీద, అంటే డబ్బు తీసుకుని వాడుకునే హక్కుగా, ఇవ్వడం ఒకటి. సారే కంపెనీ పెట్టి నడపడం ఇంకొకటి. పీహెచ్‌డీ విద్యార్థి కంపెనీ నడుపుతుంటే సార్ సలహాదారుగా ఉండడం మూడోది.

రసాయన ప్రక్రియలకు మొదటి దారే మేలు. ఇందులో నాకు పెద్దగా అనుమానం లేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లోనో గీతం యూనివర్సిటీలోనో ఒకరు మందు తయారీలో ఒక దశను తగ్గించే ఉత్ప్రేరకం తయారుచేశారనుకుందాం. దగ్గర్లోని పరవాడ ఫార్మాసిటీ కంపెనీలకు రియాక్టర్లున్నాయి, వ్యర్థజలాలు శుద్ధి చేసే ఏర్పాట్లున్నాయి, సరుకు కొనేవాళ్లతో పరిచయాలున్నాయి. ఇవన్నీ మళ్లీ పునాది నుంచి కట్టుకుంటానంటే చేతులు కాల్చుకోవడమే. కాకపోతే ఒకసారి అనుమతి వచ్చిన తయారీ పద్ధతిని మార్చాలంటే కంపెనీ మళ్లీ నియంత్రణ సంస్థలకు కాగితాలు పెట్టుకోవాలి. అందుకే వాళ్లు "చాలా బాగుంది సార్" అంటారు గానీ సంతకం దగ్గర నాన్చుతారు. ఒక్కోసారి సంతకం పెట్టాక కూడా ఫైలు అటకెక్కుతుంది. ఏటా ఇంత కనీస రాయల్టీ (వాడుకున్నందుకు కట్టే సొమ్ము), ఫలానా గడువులోగా వాడకపోతే హక్కులు వెనక్కి అని ఒప్పందంలో రాయించుకోకపోతే తర్వాత ఎవరినీ అనుకుని లాభం లేదు.

లైసెన్సు అనగానే చిల్లర డబ్బులేగా అనుకునేవాళ్లకు అమెరికా శాస్త్రవేత్తలు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్‌ల పేటెంట్ల సంగతి చెప్పాలి. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి అది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ దాన్ని ఏ ఒక్కరికో కట్టబెట్టకుండా అడిగిన కంపెనీకల్లా ఇచ్చింది. 468 కంపెనీలు తీసుకున్నాయి. 1997లో గడువు ముగిసేనాటికి దాదాపు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ ఇద్దరిలో బోయర్ అంతటితో ఆగలేదు. 1976లో రాబర్ట్ స్వాన్సన్‌తో కలిసి జెనెన్‌టెక్ అనే బయోటెక్ కంపెనీ కూడా పెట్టారు. కంపెనీ నడిపింది మాత్రం స్వాన్సన్. బోయర్ ప్రొఫెసర్‌గానే ఉండిపోయారు. ఆ కంపెనీ తయారుచేసిన మానవ ఇన్సులిన్‌ను 1982లో మార్కెట్‌లోకి తెచ్చింది మందుల కంపెనీ ఎలై లిల్లీ, అదీ లైసెన్సు మీదే.

ఇక సారే కంపెనీ నడపడం. కాగితం మీద దీనికి అడ్డు పెద్దగా లేదు. కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన ఆవిష్కరణ, స్టార్టప్ విధానం అధ్యాపకులు కంపెనీ పెట్టవచ్చంటుంది. సెలవు మీద వెళ్లే వీలు కల్పించమంటుంది. విద్యాసంస్థ తానిచ్చిన సాయాన్ని బట్టి ఆ కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చంటుంది. అయితే ఇవి మార్గదర్శకాలే. మీ యూనివర్సిటీ సొంత నిబంధనల్లో ఏముందో చూసుకుని, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అసలు చిక్కు నిబంధనల్లో లేదు, టైమ్‌టేబుల్‌లో ఉంది. క్లాసులు, వాల్యుయేషన్, న్యాక్ (కాలేజీలకు గ్రేడింగ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లు, వైవాలు పోగా మిగిలిన సాయంత్రాల్లో కంపెనీ నడుస్తుందనుకోవడం భ్రమ. ఉద్యోగానికి సెలవు పెట్టి దిగే ధైర్యం ఉంటే మంచి దారే. జీతం తీసుకుంటూ ఎండీ కుర్చీలో కూర్చోవడం మూడింటిలోనూ అధ్వానం.

పరికరాల విషయంలో నా ఓటు విద్యార్థికే. రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ప్రోబ్‌నే తీసుకోండి. బీకరులో బ్రహ్మాండంగా చూపించిన ప్రోబ్‌కి వనామీ చెరువులో దించిన కొన్నాళ్లకే పాచి పడుతుంది, తప్పుడు అంకెలు చెబుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ అంకె ఎక్కువ చూపి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి పంపే యంత్రాలు) ఆగాయంటే రొయ్యలు పైకి తేలతాయి. రైతు ఫోన్ చేసేది అప్పుడే. ఫోనెత్తి, బైక్ మీద చెరువుగట్టుకు వెళ్లి, ప్రోబ్ బయటికి తీసి, పాచి తుడిచి, అంకెలు సరిగ్గా చూపేలా మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, రైతు తిట్లు తిని, "దీనికి తుడుచుకునే బ్రష్ ఒకటి పెట్టాలి" అనుకుంటూ తిరిగొచ్చే మనిషి కావాలి. యాభై ఏళ్లు దాటిన సార్‌ను అది అడగలేం. ఆ బ్రష్ ఆలోచన చెరువుగట్టు మీదే పుడుతుంది, ల్యాబ్‌లో కాదు.

అయితే ఆ కుర్రాడి లెక్కలు వేరే ఉంటాయి. ఫెలోషిప్ అయిపోయింది, ఇంట్లో "ఉద్యోగం ఎప్పుడ్రా?" అంటున్నారు. కాబట్టి మొదటి గ్రాంటులో అతని జీతం తప్పనిసరిగా ఉండాలి. జీవశాస్త్రానికి దగ్గరి పనైతే బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు పథకం 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. వాటాల సంగతి కూడా తొలినాడే కాగితం మీద పెట్టుకోవాలి. మన దగ్గర గైడ్ ఎదురుగా కూర్చుని "ఇది కుదరదు సార్" అనగలిగే విద్యార్థి అరుదు. అందుకే బోర్డులో ఇద్దరికీ మొహమాటం లేని మూడో మనిషి ఒకరుండాలి. ఆ మూడో మనిషికి ఆ రంగంలో పట్టా లేకపోయినా పర్వాలేదు. టీకాల కంపెనీయే పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఇంజినీరు. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, ఉస్మానియాలోనూ తర్వాత హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ పరిశోధకులతో పని సాగించి, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు.

కంపెనీ ఎక్కడ పెట్టాలన్నది అంత పెద్ద ప్రశ్నేం కాదు. వైద్య పరికరమైతే విశాఖలో పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌కు పోవాల్సిందే. పరీక్షించే ల్యాబ్‌లు, తయారీ షెడ్లు ఒకే ఆవరణలో దొరకడం చిన్న విషయం కాదు. మిగతావాటికి ఏయూలోని స్టార్టప్ కేంద్రం ఏ-హబ్ దగ్గర. వ్యాపారం లెక్కలు అర్థం కాకపోతే విశాఖ ఐఐఎంలో కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ‘ఫీల్డ్’ తలుపు తట్టవచ్చు. హైదరాబాద్ వెళ్లిపోదామా అంటారు కొందరు. కొనేవాళ్లు అక్కడుంటే వెళ్లండి. రొయ్యల చెరువులైతే అక్కడ లేవు.

ఏ దారి పట్టినా ముందు తేలాల్సింది పేటెంటు. జీతంలో ఉండగా చేసిన పని సాధారణంగా సంస్థదే అవుతుంది. కాబట్టి సార్ సొంత కంపెనీ కూడా సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాల్సిందే. పెట్టుబడి పెట్టేవాళ్లు మొదట అడిగే కాగితం అదే. పేపర్ ముందా, పేటెంట్ ముందా అనే ప్రశ్నకు జవాబు ఒక్కటే, పేటెంటే ముందు. కోహెన్, బోయర్ 1973 నవంబరులో పేపర్ వేసేసి, 1974 నవంబరులో, ప్రచురించాక కూడా దరఖాస్తుకు అమెరికా ఇచ్చే ఏడాది గడువు ముగియబోతుండగా పేటెంటుకు పెట్టారు. అప్పటికే ప్రచురించినందువల్ల విదేశాల్లో హక్కులు పోయాయి. మన చట్టంలో ఇలాంటి మినహాయింపు ఇంకా ఇరుకు, దాన్ని నమ్ముకోవద్దు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకు విద్యాసంస్థలు, వ్యక్తులు ఆన్‌లైన్‌లో కట్టే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, ఏజెంటు ఫీజు వేరే. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైమ్ ఉంటుంది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్ నోటీసు బోర్డు మీదకు ఎక్కేలోపే అది వేసెయ్యండి.