అరకుకి కారులో వెళ్లి, రైల్లో దిగాం

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటేదాకా మా అమ్మ కబుర్లు చెబుతూనే ఉంది. ఘాట్ మొదలయ్యాక మాట ఆగిపోయింది. మా ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తే: ముందు మాట ఆగుతుంది, తర్వాత ఆవులింతలు, ఆపైన నోట్లో నీళ్లూరతాయి. అనంతగిరి రాకముందే కారు ఆపించాల్సి వచ్చింది.

తప్పు మాదే. ఏడు సీట్ల అద్దె బండిలో సన్నగా ఉన్నారని అమ్మనీ మా పాపనీ చివరి వరుసలోకి తోశాం. అది వెనక చక్రాల మీద ఉండే సీటు, ప్రతి కుదుపూ అక్కడే ఎక్కువ తెలుస్తుంది. అద్దం తెరుచుకోదు, ముందు రోడ్డు కనపడదు. ఒళ్లు మలుపు తిరుగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురుగా ఉన్న సీటు కదలట్లేదని కళ్లు చెబుతాయి. ఆ పేచీతోనే కడుపులో తిప్పుతుంది. పాప ఫోన్‌లో తల దూర్చి కూర్చుంది, ఇంక చెప్పేదేముంది! దీనికి తోడు అద్దానికి వేలాడే సెంటు సీసా ఒకటి.

అమ్మని ముందు సీట్లోకి మార్చి, అద్దాలు దించి, సెంటు డిక్కీలో పడేశాం. "బాబూ, మలుపు దగ్గర బ్రేకు కొట్టకు, ముందే స్లో చెయ్యి" అన్నాం. అసలు తేడా తెచ్చింది ఆ ఒక్క మాటే. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర అమ్మ నోరు విప్పింది: "పొద్దున ఆ పూరీలు తినకుండా ఉండాల్సింది."

ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర అవోమిన్ ఉంది కానీ బ్యాగ్ అడుగున ఉంది. అది బయల్దేరడానికి గంటో రెండు గంటలో ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక కాదు. మత్తుగా కూడా ఉంటుంది. పిల్లలకైతే డాక్టర్ని అడిగే ఇవ్వాలి.

మొదటి రాత్రి కొండ మీద రిసార్టులో దిగాం. వ్యూ బాగుంది, కానీ టీ తాగాలన్నా మళ్లీ నాలుగు మలుపులు దిగాలి. రెండో రాత్రికి స్టేషన్ దగ్గర మామూలు లాడ్జికి మారాం. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు దానికే. పద్మాపురం గార్డెన్స్‌లో అమ్మ హాయిగా నడిచింది.

తిరుగు ప్రయాణం రైల్లో. పైకప్పుకి కూడా అద్దాలుండే విస్టాడోమ్ బోగీ టికెట్లు దొరకలేదు, మామూలు బోగీలోనే ఎక్కాం. ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది, మొత్తం 58 సొరంగాలు. పాప లెక్క ఇరవై దాటాక తప్పింది. రోడ్డు కన్నా టైమ్ ఎక్కువే పడుతుంది, అయినా రైలు కారులా విసురుగా మలుపు తిరగదు. బండి వెళ్లే వైపుకి మొహం పెట్టి కూర్చోబెట్టాం. కొత్తవలస వచ్చేసరికి అమ్మ ఎదురు సీటావిడతో మా తమ్ముడి పెళ్లి సంబంధం దాకా వెళ్లిపోయింది.