జారుడు బెండు మూడు సీజన్లు వాడాక: బెండుకు మంచి మార్కులే, ఆ రబ్బరు స్టాపర్‌కే సున్నా

సియాటిల్ చుట్టుపక్కల నదుల్లో సాల్మన్, స్టీల్‌హెడ్‌కి (సముద్రానికి వెళ్లి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్) గాలం వేసేవాళ్లకు స్లిప్ ఫ్లోట్ గురించి, అంటే దారం మీద జారుతూ పోయి స్టాపర్ దగ్గర ఆగే ఈ జారుడు బెండు గురించి, కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ వాడింది అర ఔన్సు బరువు మోసే బెండు, 30 పౌండ్లు తట్టుకునే బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం), తొమ్మిదిన్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్. సెప్టెంబరులో కోహో సాల్మన్ మొదలైన దగ్గర్నుంచి డిసెంబరులో చమ్ సాల్మన్ ముగిసేదాకా ఇదే సరంజామా. ఈ సమీక్షలో సగం మాత్రం ఆ ప్యాకెట్లో వచ్చే ఆవగింజంత రబ్బరు స్టాపర్ మీదే.

ఎర ఎంత లోతున వేలాడాలో నిర్ణయించేది ఆ స్టాపర్ ఒక్కటే. మోనో దారం (ఒంటిపోగు నైలాన్) మీద బాగానే పట్టుకుంటుంది. బ్రెయిడ్ సన్నం, నున్నన. ఓ పాతిక సార్లు విసిరేసరికి రబ్బరు రంధ్రం వదులైపోతుంది. అసలు తంటా అక్కడే. విసిరినప్పుడు రాడ్ రింగులు స్టాపర్‌ని రీలు వైపు నెడతాయి, అంటే లోతు పెరుగుతుంది. చుట్టేటప్పుడు అవే రింగులు దాన్ని గాలం వైపు నెడతాయి, లోతు తగ్గుతుంది. ఎనిమిది అడుగులకు పెట్టామనుకున్నది ఒకసారి తొమ్మిదై రాళ్లలో ఇరుక్కుంటుంది, ఇంకోసారి ఆరై చేప నెత్తి మీదుగా పోతుంది. పక్కవాడికి పడుతూ మనకు పడకపోతే ఎర రంగు మారుస్తాం, జిగ్ (సీసపు తల ఉన్న గాలం) మారుస్తాం, చోటు మారుస్తాం. స్టాపర్ కదిలిందన్న అనుమానమే రాదు.

మందు చవకే. రబ్బరుది తీసేసి దారంతో కట్టే స్టాపర్ ముడి వెయ్యండి. ఐదారు చుట్లు, తడిపి బిగించడం. ఒకటి కాదు, ఆనించి రెండు. ముడి కొసలు మరీ మొదలంటా కత్తిరించొద్దు, అర సెంటీమీటరు వదలాలి. కురచగా కోస్తే బిగుసుకున్న మొద్దు రింగులకు కొట్టుకుంటుంది, కాస్త వదిలితే వంగి జారిపోతుంది. ముడికీ బెండుకీ మధ్య దారానికి ఎక్కించే పూస రంధ్రం ముడి కన్నా చిన్నది కావాలి, లేకపోతే ముడి పూసలోంచి దూరి బెండులో కూరుకుంటుంది. పది విసుర్లకోసారి జిగ్‌ని రీలు దగ్గర పట్టుకుని దారాన్ని రాడ్ వెంట సాగదీస్తే ముడి ఎక్కడుందో తెలిసిపోతుంది.

ముడి నిలబడ్డాక ఈ బెండు మీద ప్రేమ పుడుతుంది. ఇక్కడి నదులు వానతో పొంగి, రెండు మూడు రోజుల్లో తీస్తాయి. స్కైకోమిష్ లాంటి నదిలో నిన్న ఆరడుగులున్న మడుగు ఇవాళ తొమ్మిది. ముడి జరపడానికి ఐదు సెకన్లు చాలు. పొంగేటప్పుడు, ఎర్రనీటిలో వేసి లాభం లేదు. మట్టం దిగుతూ, నీరు ఆకుపచ్చకు తిరిగి రెండు మూడడుగుల లోతు కనబడేటప్పుడు దిగాలి. రెయినియర్ పర్వతం మీది హిమానీనదాల నుంచి వచ్చే పుయాలప్ లాంటివి సెప్టెంబరు ఎండలకు సున్నపు నీళ్లలా ఉంటాయి, కొండ మీద చలి ముదిరితే గానీ తేరవు.

బరువు లెక్క తప్పితే మాత్రం ఏ ముడీ కాపాడదు. అర ఔన్సు బెండు కింద 3/8 ఔన్సు సీసం, 1/8 ఔన్సు జిగ్ కలిస్తే సరిగ్గా అర ఔన్సు. బెండు కొన మాత్రమే పైకి కనబడాలి. దాని కింద 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీటిలో అంతగా కనబడని దారం) ఒకటిన్నర, రెండడుగులు. బెండు తల ప్రవాహ దిగువకు వంగితే ఎర నేలను ఈడుస్తోందని అర్థం. ఎగువకు వంగితే మీరే దారం బిగబట్టారు. పడుకుండిపోతే సీసం నేల మీద కూర్చుంది, లేదా దారం బెండు కొనకు చుట్టుకుని జారడం లేదు. అక్టోబరు చివర మేపుల్ ఆకులు కొట్టుకొచ్చేటప్పుడు బెండు నెమ్మదిగా మునిగితే చాలాసార్లు అది ఆకే. అయినా రాడ్ ఎత్తి గాలం కొట్టి చూడాలి, స్టీల్‌హెడ్ కూడా ఒక్కోసారి అంత మెత్తగానే పట్టుకుంటుంది.

పొగిడాను కదా అని అన్నింటికీ ఇదే అనుకోవద్దు. నిలవ నీటిలో గుంపుగా ఉన్న కోహోకి సీజన్ మొదట్లో దీనికన్నా ట్విచింగ్ జిగ్ (రాడ్‌తో కుదుపుతూ ఆడించేది) నయం, అవి వెంటాడే మూడ్‌లో ఉంటాయి. చమ్‌కి మాత్రం ముదురు గులాబీ జిగ్, చిన్న రొయ్య ముక్క, ఈ బెండు కలిస్తే తిరుగులేదు. నాలుగడుగుల లోపు నీళ్లయితే జారుడు బెండు అనవసరం, స్థిరంగా బిగించే బెండు చాలు.

సరస్సుల్లో ట్రౌట్‌కి కథ వేరు. చలికి పైనీరు బరువెక్కి కిందికి దిగి, పొరలన్నీ కలిశాక ట్రౌట్ తెల్లవారుజామున ఒడ్డుకు దగ్గరగా, ఐదారడుగుల నీటిలో కూడా తిరుగుతుంది. అక్కడ చిన్న బెండు, ఆరు పౌండ్ల మోనో. ఇందాక తిట్టిన రబ్బరు స్టాపర్ ఆ మోనో మీద సీజనంతా కదల్లేదు. కాబట్టి పారేయకండి, ట్రౌట్ డబ్బాలో వేసుకోండి.

ఇదంతా వారాంతాల్లో ఒడ్డున నిలబడి వేసేవాళ్ల లెక్క. పడవ మీద నుంచి వేసేవాళ్లకు లోతు గొడవ ఇంత ఉండకపోవచ్చు. ఎర అనుమతి, ఎదురుముల్లు లేని గాలం వంటి నిబంధనలు నదికో రకం, సీజన్ మధ్యలో కూడా మారతాయి. వెళ్లే రోజు ఉదయం వాషింగ్టన్ రాష్ట్ర మత్స్యశాఖ పేజీ చూసుకోవాలి. గడ్డకట్టే చలిలో బ్రెయిడ్ నీళ్లు పీల్చి రింగుల్లో మంచు పేరుస్తుంది, ముడి దాటదు. ఆ రోజులకు 12 పౌండ్ల మోనో చుట్టిన స్పూల్ ఒకటి జేబులో వేసుకుంటే పని జరుగుతుంది.