సముద్ర దోసకాయ జాతిని పోల్చుకోవడానికి ఏది మేలు: రంగా, అస్థికలా, డీఎన్‌ఏనా?

వరంగల్, హనుమకొండ కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులు స్టడీ టూరు పేరిట మండపం, రామేశ్వరం వైపు వెళ్లినప్పుడు, సముద్రపు గడ్డి మొలిచిన ఇసుక తీరాల్లో వారిని తికమకపెట్టే సముద్ర దోసకాయ (సముద్రపు అడుగున పాకే, మెత్తటి పొడవాటి ఒళ్లున్న జంతువు) జాతులు రెండు: హోలోథూరియా స్కాబ్రా, హోలోథూరియా ఆట్రా.

తీరంలోనైతే కన్ను చాలు. స్కాబ్రా వీపు బూడిద రంగు నుంచి నలుపు దాకా ఉండి అడ్డంగా ముడతలు పడుతుంది, పొట్టవైపు పాలిపోయి ఉంటుంది. ఆట్రా పైనా కిందా నలుపే. ఒళ్లంతా ఇసుక పూసుకొని, నడుమ గుండ్రటి నల్ల మచ్చలను మాత్రం ఖాళీగా వదులుతుంది. రుద్దితే చేతికి ఎర్రటి రంగు అంటుతుంది గానీ, అలా పరీక్షించమని నేను చెప్పను. సముద్ర దోసకాయలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, ఫొటోతో సరిపెట్టుకోవడమే పద్ధతి.

మన ల్యాబుల్లోని పాత జాడీల దగ్గర ఈ కన్ను పనిచేయదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ద్రవంలో నానిన నమూనాకు అసలు రంగు నిలవదు. అక్కడ అస్థికలదే, అంటే చర్మంలో ఉండే అతి సన్నటి సున్నపు ముక్కలదే, పైచేయి. వీపు చర్మం నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, స్లైడు మీద ఉంచి, బట్టలకు వాడే బ్లీచ్ రెండు చుక్కలు వేస్తే, కాసేపటికి కండ కరిగి సున్నపు పొడి మిగులుతుంది. దాన్ని నీటితో మెల్లగా కడిగి 40 రెట్ల ఆబ్జెక్టివ్ కింద చూడాలి. స్కాబ్రాలో బల్లల ఆకారపు అస్థికలతో పాటు, జతలు జతలుగా రంధ్రాలూ పైన బుడిపెలూ ఉన్న గుండీలు కనిపిస్తాయి; ఆట్రాలో బల్లలు ఉంటాయి, గుండీలు ఉండవు, వాటి బదులు పూరేకుల్లాంటి చిన్న పలకలుంటాయి. స్లైడు ఖాళీగా కనిపిస్తే జాతిని అనుమానించే ముందు జాడీని అనుమానించాలి: నమూనాలను నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రవం ఆమ్లంగా మారితే అస్థికలను తినేస్తుంది. అందుకే కొత్త నమూనాలకు ఆల్కహాలు మేలు.

డీఎన్‌ఏ పరీక్ష కచ్చితమైనదే, కానీ ఖర్చుతో కూడుకున్నది, పైగా ఫార్మలిన్ నమూనాల డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. స్కాబ్రానా ఆట్రానా అన్న ఒక్క ప్రశ్న కోసం బయటి ల్యాబుకు పంపడం దండగ అని నా అభిప్రాయం. పిల్ల దోసకాయల విషయం వేరు. పెరిగేకొద్దీ అస్థికల రూపం మారుతుంది కాబట్టి, వాటికి మాత్రం ఆ ఖర్చు పెట్టవచ్చు.